పాత యాక్సెంట్ పవర్ స్టీరింగ్ పంపు: కొత్తది వేయాలా, సీల్ కిట్ సరిపోతుందా?

గుంటూరు_యాక్సెంట్
ఆదివారం, సాయంత్రం 6.15

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2006 మోడల్ హ్యుందాయ్ యాక్సెంట్ జీఎల్‌ఈ ఉంది, 1.5 పెట్రోలు. నాన్నగారు ఇష్టపడి కొన్న కారు. ఇప్పటికీ ఎక్కువగా ఆయనే నడుపుతారు. ఇంజను బాగుంది, ఏసీ బాగుంది. స్టీరింగే ఇబ్బంది పెడుతోంది.

పొద్దున స్టార్ట్ చేయగానే బానెట్ కింద సన్నగా మూలుగు మొదలవుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఆ మోత కూడా పెరుగుతుంది. బండి నిలబెట్టి చక్రాలు తిప్పితే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మూడు నాలుగు వారాలకోసారి స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీత దాటి పోతోంది. ఈమధ్య ఎండలో ఎక్కువ దూరం నడిపి వచ్చాక ఇంటి ముందు పార్క్ చేయాలంటే స్టీరింగ్ బరువెక్కుతోంది. నాన్నగారికి భుజం నొప్పి ఉంది, అందుకే దీన్ని నాన్చదలచుకోలేదు.

ఒక వర్క్‌షాపులో స్టీరింగ్‌కు ఒత్తిడితో ఆయిల్ అందించే పంపు మార్చాలన్నారు. ఇంకో చోట పంపుతోపాటు ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే అడ్డ భాగం) కూడా మార్చాలన్నారు. రెండు చోట్లా బానెట్ ఎత్తి విన్నారే తప్ప బండి కింద ఎవరూ చూడలేదు. రెండూ కొత్తవి వేస్తే అయ్యే ఖర్చు ఈ కారు అమ్మితే వచ్చే దానిలో పెద్ద వంతు. పనిముట్లు కొన్ని నా దగ్గర ఉన్నాయి, బ్రేక్ ప్యాడ్లు, బెల్టులు సొంతంగా మార్చిన అనుభవం ఉంది. పంపు ఇంట్లో మార్చగలమా? కొత్తది కొనాలా, ఆటోనగర్‌లో పాతది చూడాలా, ఉన్నదానికే సీల్ కిట్ (లోపలి రబ్బరు సీళ్లు, రింగుల సెట్) వేయించాలా?


ఆటోనగర్_పానా
ఆదివారం, రాత్రి 9.40

తమ్ముడూ, ముందు ఏదీ కొనవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో నేను స్టీరింగ్ పనే చేస్తాను. మోత వినగానే పంపు అనేయడం తేలిక. నా దగ్గరికి పంపు మార్చాలని వచ్చే బండ్లలో చాలావాటికి చివరికి తేలేది గొట్టమో, దాన్ని బిగించే క్లాంపో, అతుకు దగ్గరుండే రబ్బరు ఓ రింగో.

రేపు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూసి ఇవి చెప్పు. డబ్బా మూత తీసి స్టార్ట్ చేయించు. ఆయిల్ పైన నురుగు వస్తోందా? ఆయిల్ రంగు ఏమిటి, వాసన మాడినట్టుందా? ఇంజను ఆపిన వెంటనే డబ్బాలో మట్టం పైకి లేస్తోందా? స్టీరింగ్ రెండు వైపులా ఒకేలా బరువుగా ఉందా, ఒక వైపే ఉందా? ర్యాక్‌కు రెండు చివరలా ఉండే రబ్బరు బూట్లను చేత్తో నొక్కి చూడు, లోపల ఆయిల్ చేరిందా పొడిగా ఉందా తెలుస్తుంది. పంపు కింద, పుల్లీ వెనక, డబ్బా నుంచి పంపుకు వచ్చే లావు గొట్టం దగ్గర తడి ఉందా చూడు. బెల్టు కూడా చూడు. పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు సెంటీమీటరు కంటే బాగా ఎక్కువ దిగితే అది వదులే. బెల్టు జారితే వచ్చేది కీచుమనే శబ్దం. అది స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పినప్పుడే ఎక్కువ వస్తుంది. మూలుగు వేరు, కీచు వేరు.


గుంటూరు_యాక్సెంట్
సోమవారం, ఉదయం 8.05

అన్నా, చెప్పినట్టే చూశాను. స్టార్ట్ చేసిన కాసేపటికి ఆయిల్ పైన చిలికిన మజ్జిగలా నురుగు కట్టింది. రంగు నలుపుకు తిరిగిన గోధుమ. మాడిన వాసన కొంచెం ఉంది. ఇంజను ఆపితే మట్టం స్పష్టంగా పైకి లేచింది. బరువు రెండు వైపులా ఒకేలా ఉంది. ర్యాక్ బూట్లు రెండూ పొడిగా ఉన్నాయి. లావు గొట్టం పంపుకు తగిలే చోట తడి, దుమ్ము పట్టి మట్టిగా ఉంది. పుల్లీ వెనక కూడా కొద్దిగా నూనె తడి కనిపిస్తోంది. బెల్టు బిగువు సరిగానే ఉంది, పగుళ్లు లేవు.


ఆటోనగర్_పానా
సోమవారం, ఉదయం 8.50

మంచిది. అయితే ర్యాక్ మాట మరిచిపో. రెండు వైపులా ఒకేలా బరువు, బూట్లు పొడి అంటే ర్యాక్‌ను అనుమానించడానికి కారణం లేదు. అది మార్చాలన్న మనిషి బండి కిందికి వంగి చూడలేదన్నమాట.

నురుగు ఉందంటే గాలి దూరుతోంది. ఆపగానే మట్టం లేచిందంటే కూడా అదే, ఆయిల్‌లో కలిసి ఉన్న గాలి ఒత్తిడి పోగానే విచ్చుకుంటుంది. ఇప్పుడు గాలి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి.


ద్రవశక్తి
సోమవారం, మధ్యాహ్నం 1.20

వరంగల్‌లో మెకానికల్ విద్యార్థులకు హైడ్రాలిక్స్ చెబుతాను. గాలి ఎందుకు దూరుతుందో కొంచెం వివరిస్తే గుంటూరు సోదరుడికి పని తేలికవుతుంది.

ఈ కార్లలో ఉండేది వేన్ పంపు. మధ్యలో గుండ్రటి రోటర్, దానికి చీలికలు, ఒక్కో చీలికలో జారే పలుచని లోహపు పలక. చాలా పంపుల్లో ఇలాంటి పలకలు పది ఉంటాయి. వీటి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో లోపలి గోడ ఉన్న కామ్ రింగ్. రోటర్ తిరిగితే పలకలు బయటికి జారి గోడను ఒరుసుకుంటూ పోతాయి. రెండు పలకల మధ్య ఖాళీ పెరిగే చోట ఆయిల్ లోపలికి వస్తుంది, తగ్గే చోట బయటికి నెట్టబడుతుంది. ఒక చుట్టులో ఈ పని రెండుసార్లు జరుగుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది, డబ్బా నుంచి పంపు దాకా ఉన్న దారిలో ఇంజను నడిచేటప్పుడు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. కాబట్టి ఆ వైపు గొట్టం సడలినా, ఓ రింగ్ గట్టిపడినా ఆయిల్ బయటికి కారకుండా గాలి లోపలికి వెళ్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు మాత్రం అదే సందులోంచి ఆయిల్ మెల్లగా చెమ్మగిల్లుతుంది. అందుకే "పెద్దగా కారడం లేదు, కానీ మోత వస్తోంది" అనే ఫిర్యాదు అంత ఎక్కువ. ఒత్తిడి వైపు పైపులో పగులుంటే మాత్రం ఆయిల్ చిమ్ముతుంది, నేల మీద మడుగు కనిపిస్తుంది.

గాలి బుడగలు పంపు లోపల ఒత్తిడి ఎక్కువున్న చోటికి చేరగానే నలిగి పగులుతాయి. మీరు వింటున్న మూలుగు అదే. వింటూ ఊరుకుంటే పలకల అంచులు, కామ్ రింగ్ గోడ గీతలు పడతాయి. అంటే మొదట ఓ రింగ్ సమస్యగా మొదలైనది నెలల తరబడి వదిలేస్తే నిజంగానే పంపు సమస్య అవుతుంది. పొద్దున ఎక్కువ వినిపించడానికి కారణం, చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి గొట్టంలో తేలికగా కదలదు.

ఒక చిన్న సంగతి. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు హైడ్రాలిక్ స్టీరింగ్‌ను 1926లోనే పియర్స్ ఏరో కారుకు బిగించి చూపించాడు. మామూలు జనం కొనే కారులో అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. విద్యుత్ మోటారుతో నడిచే స్టీరింగ్ 1988లో సుజుకీ సెర్వోలో వచ్చింది. ఇప్పటి చిన్న కార్లలో పంపూ లేదు, ఆయిలూ లేదు. హైడ్రాలిక్ స్టీరింగ్‌లో చేతికి తెలిసే రోడ్డు స్పర్శ నాకు ఇప్పటికీ ఇష్టం. అందుకే ఇలాంటి బండిని బాగుచేసుకోవాలనుకునే వాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది.


డాలస్_తెలుగు
మంగళవారం, ఉదయం 7.30

ద్రవశక్తి గారు చెప్పినది మా ఇంటి కారు విషయంలో అక్షరాలా జరిగింది. మాది 2005 హోండా అకార్డ్, నాలుగు సిలిండర్లది. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు చేతులు మార్చుకుంటూ వాడే కార్లలో అదొకటి. ఇదే మూలుగు, ఇదే నురుగు. పంపులోకి ఆయిల్ వచ్చే ఇన్‌లెట్ దగ్గర ఒక ఓ రింగ్ ఉంటుంది, ఏళ్ల వేడికి గట్టిపడి ప్లాస్టిక్‌లా అవుతుంది. 2003 నుంచి 2007 వరకు వచ్చిన అకార్డుల్లో ఇది అందరికీ తెలిసిన జబ్బు. కొన్ని డాలర్ల ఓ రింగులు రెండు, ఒకటి ఇన్‌లెట్‌కు, ఒకటి అవుట్‌లెట్‌కు, వేశాక మోత పూర్తిగా పోయింది. పంపు ఇప్పటికీ పాతదే.

ఇంకో మాట. ఆయిల్ డబ్బా అడుగున సన్నని జల్లెడ ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోయినా పంపుకు ఆయిల్ అందక ఇదే మోత వస్తుంది. మా దాంట్లో జల్లెడ విడిగా దొరకదు, డబ్బాయే మార్చాలి. మీ యాక్సెంట్ డబ్బాను కూడా ఖాళీ చేసి టార్చి వేసి చూడండి.


ఆటోనగర్_పానా
మంగళవారం, ఉదయం 9.10

డాలస్ సోదరుడు చెప్పింది సరైన వరుస. ముందు లావు గొట్టం, రెండు క్లాంపులు, ఓ రింగ్ మార్చు. డబ్బా కడుగు. గొట్టం మామూలు రబ్బరుది వేయకు, ఆయిల్‌కు ఆగేదే అడిగి తీసుకో. నీళ్ల గొట్టం ముక్క కోసి పెట్టిన బండ్లు నా దగ్గరికి వస్తుంటాయి, కొద్ది నెలల్లో అది ఉబ్బి లోపలే ముడుచుకుపోతుంది.

కానీ పుల్లీ వెనక తడి ఉందన్నావు. అది షాఫ్టు సీల్, పుల్లీ ఇరుసు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపేది. దాని సంగతి కూడా తేలాలి. ఓ రింగ్ మార్చాక వేడి మీద బరువు పోయిందా లేదా అన్నదే అసలు తీర్పు.


గుంటూరు_యాక్సెంట్
శుక్రవారం, రాత్రి 8.30

గొట్టం, క్లాంపులు, ఓ రింగ్ మార్చాను. పాత ఓ రింగ్ వంచితే ముక్కలైంది. డబ్బాలో అడుగున నల్లటి మడ్డి చాలా వచ్చింది. వేలితో రుద్దితే అందులో సన్నగా మెరుస్తోంది. మోత బాగా తగ్గింది, నురుగు దాదాపు లేదు. కానీ ఇంజను బాగా వేడెక్కాక, స్లో స్పీడులో నిలబెట్టి తిప్పితే బరువు అలాగే ఉంది. కొంచెం రేస్ చేస్తే తేలికవుతోంది.


ఆటోనగర్_పానా
శుక్రవారం, రాత్రి 9.25

మెరిసేది లోహపు పొడి. పంపు అరిగింది తమ్ముడూ. వేడికి ఆయిల్ పలుచబడితే అరిగిన సందుల్లోంచి లోపలే వెనక్కి జారిపోతుంది, స్లో స్పీడులో ఒత్తిడి చాలదు. రేస్ చేస్తే పంపు వేగం పెరిగి ఆ లోటు కప్పుకుంటుంది. అయినా ఊహ మీద డబ్బు పెట్టకు. దగ్గరలో ప్రెజర్ గేజు ఉన్న స్టీరింగ్ షాపులో పరీక్ష చేయించు.


ద్రవశక్తి
శుక్రవారం, రాత్రి 10.05

పరీక్ష ఎలా చేస్తారో తెలిసి ఉంటే పక్కన నిలబడి చూడవచ్చు. పంపు నుంచి ర్యాక్‌కు వెళ్లే దారిలో గేజు పెడతారు. గేజు తర్వాత ఒక వాల్వు ఉంటుంది. ఆయిల్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూస్తే పంపు తన శక్తి మేరకు ఒత్తిడి పెంచాలి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు చేరాలి. చేరకపోతే లోపం పంపులోనే. చేరితే వాల్వు తెరిచి, స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పి చూస్తారు. అప్పుడు ఒత్తిడి తక్కువ చూపిస్తే ర్యాక్ లోపల కారుతున్నట్టు. వాల్వును 5 సెకన్లకు మించి మూసి ఉంచనీయకండి. కదలని ఆయిల్ ఆ ఒత్తిడిలో క్షణాల్లో వేడెక్కి పంపును పాడుచేస్తుంది. డ్రైవింగ్‌లో స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పి పట్టుకుని కూర్చోకూడదనేది కూడా ఇందుకే.


గుంటూరు_యాక్సెంట్
ఆదివారం, మధ్యాహ్నం 12.40

పరీక్ష అయింది. వాల్వు మూస్తే చల్లగా ఉన్నప్పుడు ముల్లు పర్వాలేదనిపించింది. వేడెక్కాక ఉండవలసిన దానిలో సగం కూడా చేరలేదు. పంపే. ర్యాక్ బాగుందని ఆ షాపాయన కూడా అన్నారు. ఇక కొత్తదా, పాతదా, సీల్ కిట్టా?


విశాఖ_డీజిల్
ఆదివారం, మధ్యాహ్నం 2.15

పాతదే తీసుకోండి. గాజువాక ఆటోనగర్‌లో తుక్కుకు వచ్చిన బండ్ల నుంచి తీసిన ఒరిజినల్ పంపులు దొరుకుతాయి. యాక్సెంట్ మన దేశంలో 1999 నుంచి 2013 దాకా అమ్ముడైన బండి, సామానుకు కొరత లేదు. పేరు తెలియని కంపెనీ కొత్త పంపు కంటే కంపెనీ బిగించిన పాత పంపు నయమని నా నమ్మకం. నా బండికి అలాగే వేశాను, బాగా నడుస్తోంది.


ఆటోనగర్_పానా
ఆదివారం, సాయంత్రం 4.00

విశాఖ అన్నా, మీకు మంచిది దొరికింది, సంతోషం. కానీ ఆ బండి తుక్కుకు ఎందుకు వచ్చిందో, పంపు ఎన్నాళ్లు ఆయిల్ లేకుండా ఎండలో పడి ఉందో చెప్పే నాథుడు ఉండడు. ఆయిల్ లేని పంపులో సీళ్లు ఎండిపోతాయి, షాఫ్టు తుప్పు పడుతుంది. ఊరికే చేత్తో పుల్లీ తిప్పి చూసి కొనేస్తారు. ఆ చూపుకు బేరింగు గరగర తెలుస్తుంది తప్ప కామ్ రింగ్ గీతలు తెలియవు.

పాతది కొనాలనుకుంటే అక్కడే వెనక మూత విప్పించి లోపల చూడాలి. విప్పనివ్వని చోట కొనవద్దు.


నెల్లూరు_లేత్
ఆదివారం, సాయంత్రం 5.45

సీల్ కిట్‌ను కొట్టిపారేయకండి. షాఫ్టు సీల్ ఒక్కటే కారుతుంటే, లోపల శుభ్రంగా ఉంటే కిట్ చాలు, చాలా ఏళ్లు నడుస్తుంది. కానీ ఈ బండిలో మెరుగు పొడి వచ్చింది, వేడి మీద ఒత్తిడి లేదు. కిట్‌లో వచ్చేవి రబ్బరు రింగులు, సీళ్లు. అరిగిన కామ్ రింగ్‌ను కిట్ బాగుచేయదు. కామ్ రింగ్‌ను లేత్ మీద పాలిష్ పట్టిస్తామనే వాళ్లుంటారు. నేను లేత్ పనివాడినే, వద్దనే చెబుతాను. ఆ గోడ ఆకారం వెంట్రుకవాసి మారినా పలకలు ఎగిరిపడతాయి, కొత్త మోత వస్తుంది.

కిట్ వేసేవాళ్లకు ఒక జాగ్రత్త. పలకలకు ఒక అంచు గుండ్రంగా ఉంటుంది, ఆ అంచు బయటికి, అంటే కామ్ రింగ్ వైపుకు రావాలి. తిరగేసి పెడితే ఎంత మంచి సీళ్లు వేసినా వృథా.


గుంటూరు_యాక్సెంట్
ఆదివారం, రాత్రి 9.00

చదివాక నిర్ణయానికి వచ్చాను. ఒరిజినల్ కొత్త పంపు తెప్పిస్తున్నాను, ర్యాక్ ఖర్చు తప్పింది కాబట్టి భరించగలను. ఆయిల్ ఏది పోయాలి? షాపులో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు పోసే ఆయిల్) చాలు, అన్నీ ఒకటే అన్నారు.


ఆటోనగర్_పానా
ఆదివారం, రాత్రి 9.35

అన్నీ ఒకటి కావు. డబ్బా మూత మీద, మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే. నీ యాక్సెంట్‌కు పీఎస్ఎఫ్ 3 రకం పవర్ స్టీరింగ్ ఆయిల్ అడుగు. ఏటీఎఫ్ పోయమని కంపెనీయే చెప్పిన బండ్లు చాలా ఉన్నాయి, వాటికి అదే సరైనది. అన్నిటికంటే ఘోరం బ్రేక్ ఆయిల్. రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, పెట్రోలు బంకుల్లో తొందరలో ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోస్తారు. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం, స్టీరింగ్ సీళ్లు ఖనిజ తైలానికి చేసినవి. కలిస్తే సీళ్లు పాడై పంపు, ర్యాక్ రెండూ కారడం మొదలుపెడతాయి. అలా ఒక బండికి రెండూ మార్చాల్సి వచ్చింది, ఆ యజమాని ముఖం చూస్తే బాధేసింది.


డాలస్_తెలుగు
సోమవారం, ఉదయం 6.50

హోండా వాళ్లు ఈ విషయంలో ఇంకా ఖచ్చితంగా ఉంటారు, సొంత ఆయిలే పోయాలని మూత మీదే రాస్తారు. ఇంట్లో హోండా ఉన్నవాళ్లు ఏటీఎఫ్ జోలికి వెళ్లకండి.


ఆటోనగర్_పానా
సోమవారం, రాత్రి 10.10

పంపు వచ్చేలోగా పని వివరం రాస్తున్నాను. దీన్ని తొందరలో చేయవద్దు, సెలవు రోజు పెట్టుకో.

ముందు కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి చూడు. పుల్లీ వ్యాసం, పుల్లీ కూర్చునే లోతు, బోల్టు రంధ్రాలు, పైపు బిగించే మర అన్నీ ఒకటే ఉండాలి. పుల్లీ లేకుండా వచ్చిన పంపయితే పాత పుల్లీని సుత్తితో కొట్టి తీయవద్దు. కొన్ని పంపులకు నట్టు ఉంటుంది, కొన్నిటికి షాఫ్టు మీద బిగుతుగా ఎక్కించి ఉంటారు, వాటికి పుల్లర్ తప్పనిసరి. సుత్తి దెబ్బ నేరుగా లోపలి రోటర్‌కు తగులుతుంది.

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయ్. డబ్బాలో ఆయిల్ పెద్ద సిరంజితో లాగేయ్. చుట్టుపక్కల నీళ్ల ప్రెజరుతో కాకుండా బ్రష్షుతో, గుడ్డతో శుభ్రం చెయ్, పైపు విప్పినప్పుడు ఒక్క ఇసుక రేణువు కూడా లోపలికి పోకూడదు. ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ కవరు కప్పు. పంపు సర్దుబాటు బోల్టు వదులుచేసి బెల్టు తీసెయ్. లావు గొట్టం, ఆ తర్వాత ఒత్తిడి పైపు విప్పు. పంపు చోట్లోనే ఉండగా ఒత్తిడి పైపు బోల్టు మొదటి వదులు తీయడం మేలు, చేతిలోకి వచ్చాక పట్టు దొరకదు. విప్పిన నోళ్లన్నిటికీ శుభ్రమైన గుడ్డ కాదు, ప్లాస్టిక్ మూతలు పెట్టు. గుడ్డ నూలు పోగులు వదులుతుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. పాత పంపు రాల్చిన లోహపు పొడి పైపుల్లో, ర్యాక్‌లో ఉంది. అది కడగకుండా కొత్త పంపు పెడితే ఆ పొడి మొదటి రోజు నుంచే దాన్ని తింటుంది. కొత్త పంపులు కొద్ది నెలలకే పోయాయని తిట్టుకునే వాళ్లలో ఎక్కువమంది కడగని వాళ్లే. కొత్త పంపు బిగించాక, డబ్బాకు తిరిగి వచ్చే సన్నగొట్టాన్ని డబ్బా నుంచి తీసి సీసాలోకి పెట్టు. డబ్బా వైపు ఆ నోరు మూసెయ్. ముందు చక్రాలు రెండూ గాలిలో ఉండాలి. ఇంజను స్టార్ట్ చేయకుండా ఒకరు స్టీరింగ్ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి, ఇంకొకరు డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. సీసాలోకి శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా ఇలా చెయ్. డబ్బా ఒక్కసారి కూడా ఖాళీ కాకూడదు. ఇందుకు ఆయిల్ మామూలు కంటే ఎక్కువ పడుతుంది, ముందే రెండు మూడు లీటర్లు తెచ్చిపెట్టుకో.

పంపు బిగించే ముందే ఇన్‌లెట్ నోట్లో ఆయిల్ పోసి పుల్లీని చేత్తో తిప్పు, రోటర్ తడవాలి. ఒత్తిడి పైపు వాషర్లు, ఓ రింగులు కొత్తవే వెయ్. పాతవాటిని తిప్పివేసి మళ్లీ వాడకు.


హైదరాబాద్_ఆక్సిల్
సోమవారం, రాత్రి 11.00

పానా గారి వివరం చాలా బాగుంది. నేను వాహన భద్రత రంగంలో పనిచేసే ఇంజనీరును, రెండు మాటలు చేరుస్తాను. చక్రాలు ఎత్తినప్పుడు జాకీ మీద ఒక్క క్షణం కూడా నమ్మకం పెట్టుకోవద్దు. జాకీ స్టాండ్లు రెండు పెట్టి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. స్టీరింగ్ తిప్పుతుంటే బండి పక్కలకు ఊగుతుంది, జాకీ జారేది అప్పుడే. స్టాండ్లకు బదులు బండి కింద ఇటుకలు, హాలో బ్రిక్స్ పెట్టడం మన దగ్గర అలవాటు, అవి హఠాత్తుగా పగులుతాయి.

రెండోది, చిందిన స్టీరింగ్ ఆయిల్ వేడి ఎగ్జాస్టు మీద పడితే అంటుకోగలదు. పని అయ్యాక ఎగ్జాస్టు చుట్టూ పూర్తిగా తుడిచాకే స్టార్ట్ చేయండి. తీసిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయవద్దు. వాడిన ఆయిల్ పీపాలో చేర్చే వర్క్‌షాపు మీ ఊళ్లో తప్పకుండా ఉంటుంది, అక్కడ ఇవ్వండి.


ద్రవశక్తి
మంగళవారం, ఉదయం 7.15

గాలి తీయడం గురించి కంపెనీ మాన్యువల్ చెప్పే పద్ధతి రాస్తాను, దీనికి మంచి కారణం ఉంది. ఇంజను నడుపుతూ గాలి తీయబోతే పంపు ఆ గాలిని చితక్కొట్టి సన్నని బుడగలుగా ఆయిల్‌లో కలిపేస్తుంది, అవి గంటల తరబడి విడవవు. అందుకని ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్ తీసి, ఇంజను అంటుకోకుండా స్టార్టరును కొద్దికొద్దిగా తిప్పుతూ స్టీరింగ్‌ను అటూ ఇటూ చివరి దాకా అయిదారుసార్లు తిప్పాలి. స్టార్టరుకు మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. ఆ తర్వాతే కాయిల్ కలిపి ఇంజను స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా మళ్లీ తిప్పాలి.

పూర్తయిందా లేదా అన్నదానికి మంచి కొలత ఒకటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు డబ్బా మట్టానికి, ఆపాక మట్టానికి తేడా 5 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. ఆపగానే మట్టం ఒక్కసారిగా లేస్తే గాలి ఇంకా ఉన్నట్టే.


గుంటూరు_యాక్సెంట్
ఆదివారం, రాత్రి 7.50

పని పూర్తయింది. మా బాబాయి స్టీరింగ్ తిప్పారు, నేను ఆయిల్ పోశాను. మొదట వచ్చిన ఆయిల్ నల్లగా, తర్వాత టీ రంగులో, చివరికి శుభ్రంగా వచ్చింది. పాత పంపు వెనక మూత విప్పి చూశాను. కామ్ రింగ్ లోపలి గోడ మీద గోరు ఆనిస్తే తగిలే గీతలు, రెండు పలకల అంచులు చిట్లి ఉన్నాయి. సీల్ కిట్ వేయించి ఉంటే డబ్బు నీళ్లపాలయ్యేది. నెల్లూరు సోదరుడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

స్టీరింగ్ ఇప్పుడు వేడి మీద కూడా ఒక చేత్తో తిరుగుతోంది. కానీ సన్నని మూలుగు కొద్దిగా ఉంది, ఆపాక మట్టం సుమారు సెంటీమీటరు లేస్తోంది. నాన్నగారు రేపే బండి తీస్తానంటున్నారు. తీయవచ్చా?


ఆటోనగర్_పానా
ఆదివారం, రాత్రి 8.20

రేపొక్క రోజు ఆపు. ఇంకా గాలి ఉంది. రాత్రంతా మూత వదులుగా పెట్టి బండి కదలకుండా ఉంచు, బుడగలు పైకి తేలతాయి. పొద్దున స్టార్ట్ చేయకుండానే చక్రాలు ఎత్తి, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు ఓ ఇరవైసార్లు తిప్పు. తొందరగా తిప్పితే మళ్లీ కలుస్తుంది. ఇన్‌లెట్ క్లాంపు ఇంకోసారి చూడు, కొత్త గొట్టం ఒకసారి వేడెక్కాక కొద్దిగా సర్దుకుంటుంది, అప్పుడు క్లాంపు వదులవుతుంది.


గుంటూరు_యాక్సెంట్
మంగళవారం, ఉదయం 8.00

క్లాంపు నిజంగానే అర చుట్టు బిగుసుకుంది. పొద్దున చెప్పినట్టే తిప్పాను, సన్న బుడగలు కాసేపు వచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు మూలుగు లేదు, మట్టం తేడా రెండు మూడు మిల్లీమీటర్లే. నాన్నగారు అమరావతి దాకా వెళ్లి వచ్చారు, పార్కింగ్‌లో భుజం నొప్పి తెలియలేదన్నారు. కొత్త బెల్టు కూడా వేశాను, కొన్ని రోజులు నడిచాక బిగువు మళ్లీ చూస్తాను.


రాజమండ్రి_బొలెరో
మంగళవారం, మధ్యాహ్నం 3.10

ఇక్కడే ఒక ప్రశ్న. నా బొలెరోకు కుడి వైపు తిప్పితేనే బరువు, ఎడమ వైపు తేలిక. మోత లేదు, ఆయిల్ మట్టం తగ్గడం లేదు. నన్ను కూడా పంపు మార్చమన్నారు. మార్చాలా?


ఆటోనగర్_పానా
మంగళవారం, సాయంత్రం 5.00

వద్దండీ. పంపుకు కుడి ఎడమలు తెలియవు, అది రెండు వైపులకూ ఒకే ఆయిల్ పంపుతుంది. ఒక వైపే బరువంటే లోపం స్టీరింగ్ గేర్‌లోని వాల్వులోనో, ఆ వైపు సీల్‌లోనో ఉంటుంది. అన్నిటికంటే మొదట, ముందు టైర్ల గాలి, అలైన్‌మెంటు చూపించండి, బాల్ జాయింట్లు బిగుసుకున్నాయేమో చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు కూడా కుడి వైపే గట్టిగా ఉంటే ఆయిల్ వ్యవస్థతో సంబంధం లేదు, జాయింట్లలోనో కాలమ్‌లోనో పట్టేస్తోంది. అది చూసి ఫలితం రాయండి, అక్కడి నుంచి చూద్దాం.